పరుగునకు సమయ మెక్కడ?

విద్యార్థులారా! "పరుగెత్తవలెనని కోరిక యున్నది గాని సమయము లేదు" అను మాట మన పాఠశాల యావరణములో నేను వినని మాసము లేదు. పదవ తరగతి బాలుడు చదువును చూపును. బాలిక యింటిపనిని చూపును. ఉపాధ్యాయుడు దిద్దవలసిన జవాబు పత్రములను చూపును. నారాయణఖేడు చుట్టుపట్ల పల్లెలనుండి వచ్చు తలిదండ్రులు పత్తి చేలను, కంది చేలను చూపుదురు. వీరిలో నెవ్వరును అబద్ధమాడుట లేదు. అయినను ఈ మాటను ఒకసారి లెక్కవేసి పరీక్షింపవలసి యున్నది. లెక్కవేయక నేనిచ్చిన యొక సలహాయే యీ వ్యాసమునకు కారణము.

కొన్ని సంవత్సరముల క్రిందట పదవ తరగతి బాలు డొకడు నా యొద్దకు వచ్చి, "అయ్యా, ప్రతి యుదయము అరగంట పరుగెత్తుచున్నాను. పరీక్షలు ముగియు వరకు మానవలెనా?" అని యడిగెను. నేనంతగా ఆలోచింపక, "మానుము, పరీక్షల పిమ్మట చూచుకొనవచ్చును" అంటిని. వాడు మానెను. ఆ యరగంట వలన మార్కులు పెరిగిన జాడ నాకు కనబడలేదు. పరీక్షలు ముగిసిన పిమ్మట వాడు మరల పరుగునకు రాలేదు. అడిగితిని. "అలవాటు తప్పినదండీ" అని నవ్వి యూరకుండెను. ఆ నవ్వు నన్ను నేటికిని విడువలేదు.

ప్రతి సంవత్సరము ఆగస్టు మాసమున హైదరాబాదు నగరములో మారథాను పరుగు జరుగుచున్నది. మారథాననగా 42 కిలోమీటర్ల 195 మీటర్ల దూరము. దానితో పాటు సగము మారథాను, 10 కిలోమీటర్ల పరుగు కూడ నుండును. హుస్సేన్‌సాగరు తీరమునుండి బయలుదేరి, వంతెనలు ఎక్కుచు దిగుచు, మారథాను వారు గచ్చిబౌలి స్టేడియము చేరుదురు. ఇటీవలి సంవత్సరములలో అన్ని పరుగులలోను కలిసి ఇరువది వేలకు మించినవారు పాల్గొనుచున్నారు. వీరిలో బహుమతికై పరుగెత్తువారు కొలదిమందియే. తక్కినవారు కార్యాలయములలో పనిచేయువారు, వైద్యులు, ఉపాధ్యాయులు, వర్తకులు, గృహిణులు. ఆదివారము పరుగెత్తి సోమవారము పనికి పోవువారు. నగరమునందు దీపములున్న మంచి రోడ్లున్నవి, మనకు లేవు కదా యని మీరనవచ్చును. కాని వారికి కరవైనది రోడ్డు కాదు, గంటలు. ఆ విషయమున వారును మనమును ఒక్కటియే. పనిలో మునిగినవాడు ఆ కొలది సమయముతో నేమి సాధింపగలడో తెలుపుటకు ఇంగ్లండు దేశపు వైద్య విద్యార్థి యొకని చరిత్రము మిక్కిలి యుపయోగించును.

అతని పేరు రోజర్ బానిస్టరు. 1929వ సంవత్సరమున జన్మించెను. 1952లో హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో 1500 మీటర్ల పందెమున నాలుగవవాడై పతకము పొందలేక పోయెను. అప్పుడతడు లండనులోని సెయింట్ మేరీస్ వైద్యశాలకు చేరిన వైద్య విద్యాలయములో చదువుచుండెను. రోగులను చూచుట, పరీక్షలకు చదువుట అతనికి మొదటి పని. పరుగునకు మిగిలినది మధ్యాహ్న భోజన విరామము. ఆ వేళలో పాడింగ్టను క్రీడాస్థలమునకు పోయి, ఇంచుమించు అరగంట సాధనచేసి, మరల వైద్యశాలకు వచ్చుచుండెను.

అంత తక్కువ సమయమున అతడేమి చేసెను? ఒక మైలు అనగా 1609 మీటర్లు. ఆ దూరమును నాలుగు నిమిషములలోపల పరుగెత్తిన మనుష్యు డప్పటికి లేడు. స్వీడను దేశీయుడు గుండర్ హేగ్ 1945లో 4 నిమిషముల 1.4 సెకండ్లలో ముగించినదే యప్పటి రికార్డు. మైలునకు నాలుగు పావుమైళ్లు గావున, నాలుగు నిమిషములకు పావుమైలొకటికి 60 సెకండ్లు పడును. బానిస్టరును అతని మిత్రులును 1953 డిసెంబరునుండి పావుమైలును పదిమారులు వేగముగా పరుగెత్తుచు, ఒక్కొక్క దానికి నడుమ రెండేసి నిమిషములు విరామము తీసికొనుచు వచ్చిరి. మొదట పావుమైలునకు 66 సెకండ్లు పట్టెను. ఏప్రిలు నాటికి 61 సెకండ్లకు దిగెను. అక్కడ నిలిచిపోయెను. ఎంత శ్రమించినను ఆ యొక్క సెకండు తగ్గలేదు.

అప్పుడు బానిస్టరు సాధన మాని, క్రిస్ బ్రాషరను మిత్రునితో స్కాట్లండు కొండ లెక్కుటకు పోయెను. మూడు దినముల పిమ్మట తిరిగి వచ్చి పరుగెత్తగా 59 సెకండ్లే పట్టెను. 1954 మే 6వ తేదీ ఉదయము వైద్యశాలలో తన పని చూచుకొని, రైలెక్కి ఆక్స్‌ఫర్డు చేరెను. ఆ సాయంకాలము బ్రాషరు, క్రిస్ చాటవే ముందు నడువగా మైలును 3 నిమిషముల 59.4 సెకండ్లలో ముగించెను. ఆ రికార్డు 46 దినములే నిలిచెను. ఆస్ట్రేలియా వాడగు జాన్ లాండీ దానిని దాటెను. అదే సంవత్సరము ఆగస్టులో వాంకూవరు నగరమున ఇద్దరును తలపడగా బానిస్టరే గెలిచెను. ఆ సంవత్సరము ముగియుటతో పందెములు మానెను. పిమ్మట నాడీమండల వైద్యుడై పేరుగాంచి, 2018లో మరణించెను.

ఇది గొప్ప ప్రతిభ గలవాని కథ. మనమందరము బానిస్టరులము కాజాలము. కాని అతని పద్ధతిలో ప్రతివానికిని పనికివచ్చు విషయములు మూడు కలవు. మొదటిది, అతడు సమయము దొరకునని యెదురు చూడక, దినములో నొక స్థిరమైన వేళను ముందే యేర్పరచుకొనెను. రెండవది, ఆ వేళ తక్కువ గావున ప్రతి నిమిషమునకును పని నిర్ణయించెను. మూడవది, విశ్రాంతిని సాధనలో భాగముగా నెంచెను. పరుగు శరీరమును అలయించును. ఆ పిమ్మట నిద్రలోను విశ్రాంతిలోను శరీరము తన్ను తాను సరిచేసికొని మునుపటికన్న బలపడును. గుండె ఒక్కొక్క పోటున ఎక్కువ రక్తమును పంపును. కండరములలోని సూక్ష్మ రక్తనాళములు వృద్ధి చెందును. కొన్ని వారములు పూర్తిగా మానినచో ఈ లాభము తగ్గిపోవును. కావుననే ఒకనాడు మూడు గంటలు పరుగెత్తి నెల యంతయు మానుటకన్న, వారమునకు నాలుగు దినములు అరగంట పరుగెత్తుట మేలు.

ఇక మన లెక్క చూతము. వారమునకు 168 గంటలు. దినమునకు 8 గంటలు నిద్రకు తీసివేసిన 112 మిగులును. ఆరు దినములు బడికి, రాకపోకలకు 48 గంటలు పోగా 64. ఇంటివద్ద దినమునకు 3 గంటల చదువు, మొత్తము 21 పోగా 43. స్నాన భోజనములకును ఇంటిపనికిని దినమునకు 4 గంటల చొప్పున 28 పోగా 15 గంటలు మిగిలినవి. నాలుగు దినముల పరుగునకు కావలసినది 2 గంటలు. నాడు ఆ బాలునితో కూర్చుండి ఈ లెక్క వేసియుండినచో, "మానుము" అని యుండను. "పరీక్షల నెలలో మూడు దినములకు తగ్గించుము" అని యుందును.

అయితే ఈ లెక్క అందరికి నొక్కటి కాదు. తలిదండ్రులారా, మీ యిండ్లలో బాలిక నీరు తెచ్చి, వంటకు సాయపడి, తమ్ములను చూచుకొనును. ఆమెకు 15 గంటలు మిగులవు. ఒక్కొక్కప్పుడు ఒకటియు మిగులదు. "నీవును పరుగెత్తరాదా?" యని ఆమె నడుగుట కన్న, ఆమె పనిలో కొంత ఆమె యన్నదమ్ముల కప్పగించుట న్యాయము. దినమంతయు పత్తి యేరి వచ్చిన తల్లికి పరుగు బోధింప నక్కరలేదు. ఆమెకు కావలసినది విశ్రాంతి. ఈ మాట ముఖ్యముగ కూర్చుండి పనిచేయువారికిని, బడి పిల్లలకును చెప్పదగినది. పెద్దలకు వారమునకు 150 నిమిషముల మితమైన వ్యాయామము గాని, 75 నిమిషముల తీవ్ర వ్యాయామము గాని కనీసము అవసరమనియు, పిల్లలకు సగటున దినమునకు 60 నిమిషములు వలయుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ప్రారంభించువారికి కొన్ని సూచనలు. మొదటి మాసము కొంత నడిచి, కొంత పరుగెత్తుడు. ప్రక్కవానితో మాటలాడగలిగినంత మెల్లగా పోవుడు. అది కుదిరిన పిమ్మట వారమున కొకదినము మాత్రము వేగముగా పరుగెత్తి, నడుమ విరామము తీసికొనుడు. వేసవిలో సూర్యోదయమునకు ముందే ముగింపుడు. వానకాలమున నల్లరేగడి బాటలు జారును గావున ఆటస్థలమునే వాడుడు. రోడ్డున పోవలసివచ్చినచో ఎదురుగా వచ్చు వాహనములు కనబడునట్లు కుడి ప్రక్కన, తెల్లని బట్టలతో, గుంపుగా పోవుడు. రొమ్ము నొప్పియో తలతిరుగుటయో కలిగినచో నిలిచి, వైద్యునికి చూపుకొనుడు. నిద్ర తగ్గించి పరుగెత్తవలదు. తెల్లవారుజామున లేవదలచినవాడు రాత్రి పెందలకడ పండుకొనవలెను.

నేను పరుగు మాన్పించిన బాలుడు ఈ పుట చదువునో లేదో యెరుగను. చదివినచో, రేపటి యుదయము పది నిమిషములు నడిచి మొదలు పెట్టుమని అతని వేడుచున్నాను.