ఆగిపోయిన డిగ్రీ ఇంటి నుంచే పూర్తవుతుందా?

ప్రశ్న: గుంటూరులో బీకాం రెండేళ్లు చదివాక పెళ్లయి న్యూజెర్సీ వచ్చేశాను. ఇద్దరు చిన్నపిల్లలు. రోజూ కాలేజీకి వెళ్లలేను. డిగ్రీ పూర్తిచేసే దారి ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా, అదీ మీ రాష్ట్రంలోనే. ట్రెంటన్‌లోని థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీని 1972లో మీలాంటి పెద్దవాళ్ల కోసమే పెట్టారు. బ్యాచిలర్ డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి. ముందుగా గుంటూరు మార్కుల జాబితాలను ఆ యూనివర్సిటీ ఒప్పుకునే సంస్థతో మదింపు చేయించండి. పాసైన సబ్జెక్టులకు క్రెడిట్లు దక్కవచ్చు. ఆ రెండేళ్ల కష్టాన్ని దయచేసి వదులుకోకండి.

మిగిలిన క్రెడిట్లలో కొన్నింటికి, క్లాసుకు వెళ్లకుండా పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకునే క్లెప్ (CLEP) పరీక్షలు రాయవచ్చు. చాలావరకు గంటన్నర పరీక్షలే. స్కోరు 20 నుంచి 80 దాకా ఉంటుంది, సాధారణంగా 50 వస్తే క్రెడిట్ ఇస్తారు. ఫైనాన్షియల్ అకౌంటింగ్‌తో మొదలుపెట్టండి. జర్నల్ ఎంట్రీలు, ట్రయల్ బ్యాలెన్స్ మీ చేతికి అలవాటైనవే. మోడర్న్ స్టేట్స్ అనే సంస్థవారి ఉచిత ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేస్తే పరీక్ష ఫీజుకు వోచర్ కూడా ఇస్తారు. తప్పితే మళ్లీ రాయడానికి మూడు నెలలు ఆగాలి.

పిల్లలు పడుకున్నాక మీ వీలునుబట్టి చదువుకునే ఆన్‌లైన్ కోర్సులూ ఉన్నాయి. కానీ డబ్బు కట్టేముందే ఆ కోర్సు మీ డిగ్రీలో ఏ సబ్జెక్టు కింద లెక్కకొస్తుందో యూనివర్సిటీ అడ్వైజర్‌ను అడిగి ఈమెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట సరిపోదు.