కృత్రిమ తుంటికీలు – దాని మన్నిక

ఉక్కు కర్మాగారముగల భిలాయిలోని కోహ్కావాసులకు యంత్రభాగములు అరుగుట తెలిసిన విషయమే. శరీరమున అమర్చిన కృత్రిమ తుంటికీలుకును అరుగుదల కలదు.

తొడయెముక శిరస్సు బంతివలెను, అది ఇమిడియుండు గుంట గిన్నెవలెను ఉండును. ఇవి చెడినపుడు సాధారణముగా లోహపు బంతిని, ప్లాస్టిక్ గిన్నెను అమర్చుదురు. ఇంగ్లండునందు జాన్ చార్న్‌లీ తొలుత వాడిన టెఫ్లాన్ గిన్నెలు కొలది యేండ్లలోనే అరిగిపోయెను. 1962లో ఆయన గట్టి పాలిథీన్ గిన్నెను ప్రవేశపెట్టగా మన్నిక పెరిగెను. 2019లో ప్రకటింపబడిన విదేశముల లెక్కలనుబట్టి, నూటికి సుమారు 89 కీళ్లు 15 సంవత్సరములును, 58 కీళ్లు 25 సంవత్సరములును నిలిచినవి.

ఛత్తీస్‌గఢ్‌లో సికిల్‌సెల్ వ్యాధి విస్తారముగా నున్నది. ఇందు రక్తకణములు కొడవలివలె వంగి రక్తనాళములను అడ్డగించుటచే, తొడయెముక శిరస్సు యౌవనమునందే చచ్చుపడవచ్చును. ముప్పది యేండ్లకే కీలు మార్పించుకొన్నవారికి అది జీవితాంతము చాలకపోవచ్చును.

గిన్నె అరుగగా రాలిన సూక్ష్మమైన రజను చుట్టునున్న ఎముక క్షీణించుటకు కారణమగును. క్రమముగా కీలు వదులగును. తొలిదశలో నొప్పి తెలియకపోవచ్చును. ఎముక మిగిలియుండగనే కనుగొనిన, మరల కీలు మార్చుట సులభము.

కావున నొప్పి లేకున్నను వైద్యుడు చెప్పిన గడువున ఎక్స్‌రే తీయించుకొనవలెను. అమర్చిన కీలు పేరు, సంఖ్య గల కాగితమును భద్రపరుపవలెను. క్రొత్తగా నొప్పి, కుంటు కలిగినను, గాయమునుండి చీము కారినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.