పెద్ద ఇంజిన్ వెనక ఆటోమేటిక్ గేర్‌బాక్స్: కొన్ని అనుభవ పాఠాలు

బెజవాడ ఆటోనగర్‌లో లారీ గేర్‌బాక్సులతో మొదలైన నా పని మిషిగన్‌లో పాత అమెరికన్ కార్ల ఆటోమేటిక్‌ల దగ్గర స్థిరపడింది. ఏటా ఆగస్టులో డెట్రాయిట్ దగ్గర వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ జరుగుతుంది. అది దగ్గర పడుతోందంటే షెడ్డుకొచ్చే వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "పెద్ద ఇంజిన్ పెట్టాం, గేర్‌బాక్స్ తట్టుకుంటుందా?" ఇప్పుడు మన తెలుగు కుర్రాళ్లు కూడా ఇక్కడ పాత షెవెల్‌లు, కమారోలు కొని ఇంట్లోనే విప్పుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

1. స్పానర్ పట్టేముందు లెక్క వేయండి. 1970 షెవర్లే షెవెల్‌లో 307 ఇంజిన్ టార్క్, ఆనాటి కంపెనీ లెక్కలో, 300 పౌండ్-అడుగులు. అదే ఏడాది వచ్చిన 454 ఇంజిన్‌ది 500. బండి కదిలే క్షణంలో టార్క్ కన్వర్టర్ దాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. ఫస్ట్ గేరు మరో రెండున్నర రెట్లు పెంచుతుంది. వెనక షాఫ్టు దగ్గరికి వచ్చేసరికి అది 2,500 దాకా పోతుంది. 307 కోసం కూర్చిన గేర్‌బాక్స్ మీద ఇంత బరువు పెడుతున్నామని ముందే తెలుసుకోవాలి.

2. ఉన్నదాన్నే బలపరచాలా, మార్చాలా? షెవర్లే మాతృసంస్థ జీఎం వారి ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో టర్బో 400 1964లో వచ్చింది, టర్బో 350 1969లో. 454 వెనక ఆటోమేటిక్ కావాలన్న వాళ్లకి కంపెనీయే 400 బిగించి ఇచ్చింది. రోల్స్ రాయిస్, ఫెరారీ కూడా దాన్నే కొనుక్కున్నాయి. కాబట్టి 454 పెట్టేవాళ్లు 400కే వెళ్లండి. ప్రొపెల్లర్ షాఫ్టు యోక్ మార్చాల్సి వస్తుంది (350కి 27 స్ప్లైన్లు, 400కి 32), క్రాస్‌మెంబర్ వెనక్కి జరపాలి. కాస్త పదును పెట్టిన చిన్న ఇంజిన్ అయితే బాగా కూర్చిన 350 చాలు.

3. జారడమే అసలు జబ్బు. ఆటోమేటిక్‌లు విరిగిపోయేది తక్కువ, జారి కాలిపోయేదే ఎక్కువ. లోపల ఫ్రిక్షన్ ప్లేట్లు, స్టీలు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆయిల్ ఒత్తిడితో పిస్టన్ వాటిని అదిమి పట్టుకుంటుంది. టార్క్ ఆ పట్టును మించితే ప్లేట్లు జారతాయి, వేడి పుడుతుంది, సీళ్లు గట్టిపడతాయి, ఒత్తిడి కారిపోతుంది, ఇంకా జారతాయి. బలపరచడమంటే ఈ గొలుసును మొదట్లోనే తెంచడం.

అందుకే మంచి రకం ఫ్రిక్షన్ ప్లేట్లు వేయండి, డ్రమ్ములో చోటుంటే ఒకటి ఎక్కువ వేయండి. బిగించేముందు కనీసం అరగంట ఆయిల్లో నానబెట్టండి. ఒక్కో ఫ్రిక్షన్ ప్లేటుకు పది థౌ, అంటే పావు మిల్లీమీటరు చొప్పున సందు చూసుకోండి. మూత వేయకముందే గాలి కొట్టి ప్రతి పిస్టన్ కదులుతోందో లేదో వినండి. ఇక ఆయిల్ ఒత్తిడి పెంచే వాల్వ్ బాడీ కిట్లు ఉన్నాయి. గేజ్ పెట్టి పెంచండి, చెవితో కాదు. అతిగా పెంచితే పంపు అలసిపోతుంది, గేరు పడ్డ ప్రతిసారీ లోపలి భాగాల మీద సమ్మెట దెబ్బే.

4. టర్బో 350లో బలహీనమైన చోటు సెకండ్ గేరు రోలర్ క్లచ్. దాని బదులు 36 ముక్కల స్ప్రాగ్ వేస్తారు. ఈ ఖర్చు దగ్గర వెనకాడకండి.

5. ఇంజిన్‌కు పెద్ద క్యామ్ వేస్తే గేర్‌బాక్స్ సంగతి కూడా మారుతుంది. ఐడిల్‌లో వాక్యూమ్ పడిపోతుంది. దాన్ని చూసి మాడ్యులేటర్ యాక్సిలరేటర్ తొక్కారనుకుంటుంది, ఒత్తిడి పెంచేస్తుంది, గేర్లు ఆలస్యంగా, కుదుపుతో పడతాయి. గేర్‌బాక్స్ విప్పకముందు వాక్యూమ్ గొట్టం పగిలిందేమో చూడండి, ఆపైన సర్దుబాటు చేయగల మాడ్యులేటర్ వేయండి. కన్వర్టర్‌ను కూడా ఆ క్యామ్‌కు తగ్గట్టే ఎంచుకోండి. స్టాల్ స్పీడు మరీ ఎక్కువైతే హైవే మీద మామూలు వేగంలోనూ జారుతూ ఆయిల్‌ను ఉడికిస్తుంది.

6. వేడి. ఆయిల్ 80–95 డిగ్రీల సెల్సియస్ మధ్య నడవాలి. 120 దాటి నిలిచిందంటే ఆయిల్ ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. రేడియేటర్‌లోని కూలర్ తర్వాత, తిరుగు పైపు మీద విడిగా ఇంకో కూలర్ పెట్టండి, ఒక టెంపరేచర్ గేజ్ కూడా. పాత గేర్‌బాక్స్ కాలిపోయి ఉంటే పాత కూలర్, పాత కన్వర్టర్ వాడకండి. వాటిలో మిగిలిన పొడి కొత్త ప్లేట్లను తినేస్తుంది.

7. బిగించేటప్పుడు కన్వర్టర్ పంపులోకి పూర్తిగా దిగాలి. కేసు ఇంజిన్‌కు ఆనాక ఫ్లెక్స్ ప్లేటుకూ కన్వర్టర్‌కూ మధ్య 3–5 మిల్లీమీటర్లు సందు కనిపించాలి. కనిపించకపోతే బోల్టులతో లాగకండి, పంపు పగులుతుంది.

8. విప్పిన పాత గేర్‌బాక్స్‌ను తుక్కుకు వేయకండి. 1968 నుంచి జీఎం బండి నంబరులోని అంకెల్ని దాని మీదా కొట్టింది. ఆ నంబరు కలిసిన బండికి విలువ ఎక్కువ. ఆయిల్ రాసి, ప్లాస్టిక్ చుట్టి ఒక మూల పెట్టండి. రేపు ఆ కారు కొనేవాళ్లు ముందు దాన్నే అడుగుతారు.