తొట్లకొండ నీళ్ళు



ఈసారి పాఠం కొంచెం కాళ్ళతో చదవాల్సింది. ఒక ఆదివారం పొద్దున్నే లేచి, నీళ్ళ సీసా, రెండు రొట్టెలు, ఈ చిన్న పుస్తకం సంచిలో పెట్టుకుని బయలుదేరండి. విశాఖపట్నం నుంచి భీమిలి పోయే బీచ్ రోడ్డు మీద ఋషికొండ దాటాక, మంగమారిపేట దగ్గర ఎడమ చేతి వైపు ఒక కొండ వస్తుంది. కుడి చేతి వైపు సముద్రం. ఆ కొండే తొట్లకొండ. సముద్ర మట్టానికి దాదాపు 128 మీటర్ల ఎత్తు. పై దాకా రోడ్డు ఉంది, బండ్లు పోతాయి. కానీ మీరు బండి ఎక్కకండి. ముసలివాళ్ళనీ మోకాళ్ళ నొప్పులవాళ్ళనీ ఆటోలో పంపించండి. మిగతావాళ్ళు నడవండి. ఎందుకు నడవమంటున్నానో కిందికి దిగేటప్పుడు చెప్తాను.

ముందు ఆ పేరు చూడండి. తొట్లకొండ అంటే తొట్లు ఉన్న కొండ. రాతిని తొలిచి చేసిన నీళ్ళ తొట్లు అక్కడ ఉన్నాయి. దగ్గర్లోనే బావికొండ ఉంది, అది బావుల కొండ. భీమిలి దగ్గర పావురాలకొండ మీద కూడా వాన నీళ్ళు పట్టే తొట్లు రాతిలో తొలిచి ఉన్నాయి. ఈ మూడూ బౌద్ధ క్షేత్రాలే. వందల ఏళ్ళుగా చుట్టుపక్కల జనం అక్కడ ఎవరు ఉండేవారో మరిచిపోయారు. స్తూపాలు మట్టిలో కలిసిపోయాయి, భిక్ఖువులు పోయారు, బుద్ధుడి పేరు పోయింది. నీళ్ళు మాత్రం జనం నోట్లో మిగిలాయి. నాకు ఇది చిన్న విషయంగా కనపడదు. పుస్తకాలు తగలబెట్టొచ్చు, విగ్రహాలకి పేర్లు మార్చొచ్చు. పశువులు కాసుకునేవాడు దాహమేసి తాగిన తొట్టిని మాత్రం మరిచిపోడు.

1976లో నౌకాదళం వాళ్ళు ఈ ప్రాంతాన్ని పైనుంచి సర్వే చేస్తున్నప్పుడు ఈ శిథిలాలు బయటపడ్డాయి. 1988 నుంచి పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్ఖువులు ఉండే విహారాలు, సమావేశానికి రాతి స్తంభాల మండపం, వంటశాల, భోజనశాల, రాళ్ళు పరిచిన బాటలు దొరికాయి. బ్రాహ్మీ లిపిలో శాసనాలు, శాతవాహనుల సీసపు నాణేలు, రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. అంటే దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట ఓడల వ్యాపారులు కూడా ఎరిగిన చోటు ఇది. రాతిలో తొలిచిన తొట్లు పదకొండు. 2019లో పెద్ద వానలకి మహాస్తూపం కొంత భాగం కూలింది. తర్వాత మళ్ళీ కట్టారు. మీరు ఇప్పుడు చూసేది ఆ బాగుచేసిన స్తూపం, అది పిల్లలకి చెప్పండి.

పైకి ఎక్కాక స్తూపం చుట్టూ ఫోటోలు దిగి వెనక్కి తిరిగి వచ్చేసేవాళ్ళే ఎక్కువ. మీరు రాళ్ళు పరిచిన బాట పట్టుకుని తొట్ల దగ్గరికి పోండి. ఒక తొట్టి అంచున కూర్చోండి. కాసేపు ఎవరూ మాట్లాడొద్దు. సముద్రం కళ్ళ ముందే ఉంటుంది, అయినా ఒక్క గుక్క కూడా తాగడానికి పనికిరాదు. కొండ మీద ఏరు లేదు. అంతమంది భిక్ఖువులు ఏం తాగి బతికారు? వాన నీళ్ళు. ఆకాశం నుంచి పడ్డ నీళ్ళు ఒడిసి పట్టి దాచుకున్నారు. భిక్ఖువు దగ్గర ఉండదగిన ఎనిమిది వస్తువుల్లో నీళ్ళు వడగట్టే గుడ్డ ఒకటి. చీవరాలు మూడు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, ఎనిమిదోది ఈ వడపోత గుడ్డ. నీళ్ళలోని చిన్న పురుగు కూడా తన నోట్లో పడి చావకూడదని. మొదటి శీలం ఒక గుడ్డముక్క రూపంలో సంచిలో ఉండేదన్నమాట.

ఇప్పుడు మన సంగతికొద్దాం. నీళ్ళ తొట్టి దగ్గర కూర్చున్నప్పుడు మనకి గుర్తొచ్చేవి వేరే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువుకి నడిచి వెళ్ళి దోసిలితో నీళ్ళు తాగారు. ఆ చెరువు మన వాళ్ళకి తెరుస్తూ మునిసిపాలిటీ అంతకు మూడేళ్ళ ముందే తీర్మానం చేసింది, కాగితం మీద. మనుషులు తాగిన తర్వాత ఆ చెరువుని ‘శుద్ధి’ చేయడానికి 108 కుండల పంచగవ్యం పోశారు. పేడ, మూత్రం కలిస్తే శుద్ధి, మనిషి చెయ్యి తగిలితే మైల! కేసు 1937 దాకా నడిచి హైకోర్టులో మన వైపు తీర్పొచ్చింది. పది సంవత్సరాలు, ఒక గుక్క నీళ్ళకి. మన దగ్గర 1985 జూలైలో కారంచేడులో మొదలైంది ఎక్కడ? మంచినీళ్ళ చెరువు దగ్గరే. గేదెల కుడితి నీళ్ళు చెరువులో కలుస్తున్నాయని అడిగినందుకు మొదలైంది. మర్నాడు ఆరుగురు మాదిగల ప్రాణాలు పోయాయి.

అందుకే మన గ్రంథాల్లో ఆనందుడి కథ మనకి అంత దగ్గరగా ఉంటుంది. బావి దగ్గర ఒక చండాల పిల్ల ప్రకృతిని ఆనందుడు నీళ్ళడిగాడు. తన కులం చెప్పి ఆమె వెనక్కి తగ్గితే, నేను కులం అడగలేదు, నీళ్ళడిగాను అన్నాడు. బాబాసాహెబ్ తన ‘బుద్ధుడు ఆయన ధమ్మం’లో ఆమె కథని చేర్చారు. ఈ కథ పిల్లలకి ఇంట్లో చెప్పడం వేరు, తొట్టి అంచున చెప్పడం వేరు. అక్కడే చెప్పి చూడండి.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పోయినసారి మాతో వచ్చిన ఒక పెద్దమ్మ సీసా ముంచి తొట్టిలో నీళ్ళు పట్టుకోబోయింది. “ఎందుకమ్మా?” అంటే, “ఇంట్లో జల్లుకుంటాను బాబూ, బుద్ధుడి నీళ్ళు గదా” అంది. ఆమె మీద నాకేం కోపం రాలేదు. అరవై ఏళ్ళు తీర్థం చేతిలో పోసేవాళ్ళ కోసం గుడి బయట నిలబడ్డ మనిషి ఆమె. ఇప్పుడు తనకంటూ ఒక తీర్థం దొరికిందనుకుంది. కానీ మనం ఊరుకుంటే ఇరవై ఏళ్ళలో ఆ తొట్టికి కొబ్బరికాయలు కొడతారు, చిల్లర డబ్బులు వేస్తారు, పక్కన ఒక హుండీ వెలుస్తుంది. ఆమెకి పుణ్ణిక కథ చెప్పాం. పుణ్ణిక ఒక దాసి, నీళ్ళు మోసే పని. చలికాలంలో ఏట్లో మునుగుతున్న బ్రాహ్మణుణ్ణి చూసి ఎందుకిలా వణుకుతున్నావని అడిగింది. పాపం కడుక్కుంటున్నానన్నాడు. నీళ్ళతో పాపం పోతే కప్పలూ తాబేళ్ళూ మొసళ్ళూ అన్నీ స్వర్గానికే పోవాలి కదా అందామె. పైగా ఆ ఏరు పాపంతో పాటు పుణ్యాన్ని కూడా కొట్టుకుపోతే నీ గతేమిటి అని కూడా అడిగింది! నీళ్ళు మోసి మోసి భుజాలు కాయలు కాసిన మనిషికే ఆ తెలివి వచ్చింది. పెద్దమ్మ పకపకా నవ్వి, సీసాలో నీళ్ళు పక్కనున్న మొక్కకి పోసేసింది.

సరే, నీళ్ళు పవిత్రం కాకపోతే మరి వాటి వల్ల ఏం లాభం? ఇక్కడ ధమ్మంలో అసలు పాఠం ఉంది. సంగారవుడనే బ్రాహ్మణుడు బుద్ధుణ్ణి ఒకటి అడిగాడు. ఎంతో కాలం వల్లించిన మంత్రాలు కూడా ఒక్కోసారి గుర్తుకు రావు, ఎందుకని? బుద్ధుడు ఒక నీళ్ళ పాత్ర చూపినట్టు జవాబు చెప్పాడు. నీళ్ళలో మొహం చూసుకోవాలనుకుంటే అయిదు విధాలుగా కనపడకుండా పోతుంది. రంగులు కలిపితే కనపడదు, అది కోరిక. కాగి మరుగుతుంటే కనపడదు, అది ద్వేషం. పాచి పట్టితే కనపడదు, అది బద్ధకం, మత్తు. గాలికి కదులుతుంటే కనపడదు, అది ఆందోళన. బురదగా ఉండి చీకట్లో పెడితే కనపడదు, అది సందేహం. ఈ అయిదింటినీ పాళీలో నీవరణాలు అంటారు. అంటే అడ్డు తెరలు.

మీరు తొట్టిలోకి తొంగి చూడండి. వానలు పడ్డాక వెళ్తే నీళ్ళు నిండుగా, పై గాలికి చిన్నగా వణుకుతూ ఉంటాయి. ఎండాకాలం వెళ్తే పాచి ఆకుపచ్చగా పేరుకుని ఉంటుంది. ఏదో ఒక నీవరణం మీ కళ్ళ ముందే ఉంటుంది, టీచర్ బోర్డు మీద రాసినట్టు.

మన వాళ్ళతో నేను ఎక్కువసేపు మాట్లాడేది రెండో దాని గురించి, మరిగే నీళ్ళ గురించి. కుర్రాళ్ళు అడుగుతారు: “అన్నా, మనల్ని ఇంత చేశాక కోపం రాకుండా ఎలా ఉంటది? కోపం పోతే ఉద్యమం పోదా?” మంచి ప్రశ్న. మహద్‌లో నీళ్ళు తాగిన రోజే, మన వాళ్ళు గుళ్ళోకి కూడా దూరుతారని పుకారు పుట్టించి అగ్రకులాల గుంపులు దాడి చేశాయి. అన్నం తింటున్నవాళ్ళని కొట్టాయి. మన వైపు వేల మంది ఉన్నారు, తిరిగి కొట్టగలరు. బాబాసాహెబ్ ఆపారు. కోపం లేక కాదు, అదే సంవత్సరం డిసెంబరు 25న అదే మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టించారు. మరి ఆపింది ఏమిటి? ఆ పూట మనకి ఏం కావాలో, ఎదుటివాడు ఏం కోరుకుంటున్నాడో ఆయనకి స్పష్టంగా కనపడింది. ఘర్షణ వాళ్ళకి కావాలి, చెరువు మనకి కావాలి. నీళ్ళు మరుగుతున్నప్పుడు ఆ తేడా కనపడదు. కుర్రాళ్ళకి నేను చెప్పేది ఇదే: అన్యాయం తెలియాలంటే కూడా నీళ్ళు తేటగా ఉండాలి.

సామఞ్ఞఫల సుత్తంలో ఇంకో పోలిక ఉంది. కొండల మధ్య ఒక మడుగు, నీళ్ళు తేటగా, కదలకుండా ఉన్నాయి. కళ్ళున్న మనిషి ఒడ్డున నిలబడితే అడుగున గవ్వలు, గులకరాళ్ళు, ఈదే చేపలు, ఆగిన చేపలు అన్నీ కనపడతాయి. మనసులోని మలినాలని అలా చూసినవాడు విముక్తుడు అని భావం. గమనించండి, ఆ మనిషి నీళ్ళలో మునగడం లేదు, తల మీద జల్లుకోవడం లేదు. ఒడ్డున నిలబడి చూస్తున్నాడు, అంతే. పది నిమిషాలు మీరూ అలా ఒడ్డున కూర్చుని శ్వాస మీద ధ్యాస పెట్టండి. పిల్లలకి అయిదు నిమిషాలు చాలు.

ఇక దిగే దారి. నడవమని ఎందుకన్నానంటే, భిక్ఖువు రోజూ నడిచేవాడు గనక. కొండ మీద వంటశాల ఉంది, నిజమే. అయినా పిండపాతం సంఘం పద్ధతి. పాత్ర పట్టుకుని ఊళ్ళోకి దిగడం, ఇంటి ముందు నిలబడడం, పెట్టింది తినడం. వాళ్ళు కొండెక్కింది లోకాన్ని వదిలేయడానికే అయితే ఊళ్ళకింత దగ్గరగా, సముద్రపు వ్యాపార దారికింత దగ్గరగా ఎందుకుంటారు? బాబాసాహెబ్ తన గ్రంథం పీఠికలోనే ఈ ప్రశ్న లేపారు. భిక్ఖువు తన వరకు పరిపూర్ణుడు కావడానికా, సమాజానికి సేవ చేయడానికా అని. సేవ చేసేవాడైతేనే బౌద్ధానికి భవిష్యత్తు ఉంటుందన్నారు. ఆ మాటకి సాక్ష్యం నాకు ఈ బాటలోనే కనపడుతుంది. తొట్లు పైన ఉన్నాయి, అన్నం కింద ఉంది. రెండింటికీ మధ్య దారి అరిగేలా నడిచారు.

దిగేటప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది. జతలు జతలుగా నడుస్తూ, ఒకరి ఊరి నీళ్ళ గురించి ఇంకొకరు అడగండి. మీ ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు ఏ వీధిలో ఉంది? మన పేటకి పైపు ఎన్ని రోజులకోసారి వస్తుంది? పెళ్ళి భోజనాల్లో మన వాళ్ళకి నీళ్ళు గ్లాసులో ఇస్తున్నారా, పేపరు కప్పులో ఇస్తున్నారా? హోటల్లో? బడిలో మధ్యాహ్న భోజనం అప్పుడు పిల్లలు ఒకే కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారా? తేటగా చూసి చెప్పండి, ఉన్నది ఉన్నట్టు. కింద మంగమారిపేటలో టీ తాగుతూ ఒక కాగితం మీద మీ ఊరి పటం గీసి, బావులు, బోర్లు, కుళాయిలు గుర్తు పెట్టి, ఎవరెవరు ఎక్కడ పట్టుకుంటారో రాయండి. వచ్చే పౌర్ణమికి విహారంలో కలిసినప్పుడు ఆ కాగితాలు తెండి, గోడకి అంటిద్దాం.