విండోసా, మ్యాకా, లినక్సా? – మన కంప్యూటర్‌కు ఏది తగును?

ఇంటర్ పాసై డిగ్రీలోనో, ఇంజనీరింగ్‌లోనో చేరిన ప్రతి తమ్ముడూ, చెల్లెలూ సీనియర్లను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా! సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి దొరికింది. అందులో ఏం వేయించుకోవాలి?" షాపాయన "విండోస్ 10 వేసి ఇస్తాను, తీసుకెళ్లు" అంటాడు. క్లాస్‌మేట్ "లినక్స్ వేసుకో, ఫ్రీ" అంటాడు. ఇంకొకడు "కొంటే మ్యాకే కొనాలిరా" అంటాడు. ముగ్గురూ తమకు తెలిసింది చెబుతారు గాని, మన పని ఏమిటో, మన మిషన్ ఏపాటిదో అడగరు.

ఈ ప్రశ్నకు ఇప్పుడు తొందర వచ్చిపడింది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మామూలు సపోర్టు ముగించింది. నమోదు చేసుకున్నవారికి అదనంగా కొంతకాలం సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం ఒకటి పెట్టింది. మనవాళ్ల చేతుల్లో ఉన్న పాత లాప్‌టాప్‌లలో చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అంటే మన అమ్మానాన్నలు కూలి డబ్బుల్లోంచి మిగిల్చి కొనిచ్చిన మిషన్‌ను పారేయాలా? అక్కరలేదు. ఎందుకు అక్కరలేదో, దానికి ఏం తెలిసి ఉండాలో ఈ వ్యాసంలో చూద్దాం.

1. ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి?

మన హాస్టల్‌లో వార్డెన్ గారు గదులు కేటాయిస్తారు, మెస్‌లో వంతులు చూస్తారు, స్టోరు రూము తాళం తన దగ్గర ఉంచుకుంటారు. కంప్యూటర్‌లో ఈ పనులన్నీ చేసేది ఆపరేటింగ్ సిస్టమ్. ఏ ప్రోగ్రాముకు ఎంత మెమరీ ఇవ్వాలి, ప్రాసెసర్ వంతు ఎవరిది, ఏ ఫైలును ఎవరు తెరవవచ్చు అన్నవి అదే నిర్ణయిస్తుంది. మనం వాడే వర్డ్, బ్రౌజర్, ట్యాలీ వంటివి ఆ హాస్టల్‌లో ఉండే విద్యార్థుల్లాంటివి.

2. మూడింటి పుట్టుక

విండోస్ మొదటి వెర్షన్ 1985లో వచ్చింది. 1995లో వచ్చిన విండోస్ 95తో అది సామాన్యుల బల్లల మీదికి చేరింది. విండోస్ ఎక్స్‌పి 2001లో, విండోస్ 10 2015లో, విండోస్ 11 2021లో వచ్చాయి.

ఆపిల్ సంస్థ 1984లో మ్యాకింటోష్‌ను విడుదల చేసింది. ఇప్పటి మ్యాక్ ఓఎస్‌కు మూలమైన మ్యాక్ ఓఎస్ టెన్ 2001లో వచ్చింది. దాని పునాది యునిక్స్. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలుపెట్టిన సిస్టమే యునిక్స్.

లినక్స్ కథ మనలాంటి విద్యార్థి కథ. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ తన సొంత కంప్యూటర్ కోసం ఒక కెర్నెల్ రాసి అందరికీ ఇచ్చాడు. అంతకుముందే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు దానికి తోడయ్యాయి. ఎవరైనా చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అన్నది దాని లైసెన్సు సారాంశం. ఉబుంటు, డెబియన్, లినక్స్ మింట్ అనేవి ఈ కెర్నెల్ చుట్టూ కట్టిన వేర్వేరు రూపాలు. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ లినక్స్ కెర్నెలే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్ల జాబితా అంతా లినక్స్‌దే.

3. పోల్చి చూద్దాం

(అ) ఖర్చు: లినక్స్‌లో ఎక్కువ రకాలకు డబ్బు కట్టనక్కరలేదు. మ్యాక్ ఓఎస్‌కు విడిగా ధర లేదు గాని, అది ఆపిల్ మిషన్ల కోసమే ఇచ్చేది. ఆ మిషన్ ఖరీదు మనకు భారం. విండోస్‌కు లైసెన్సు కావాలి. చాలా షాపుల్లో "క్రాక్" చేసి వేసేది లైసెన్సు లేని కాపీ. తాళం పగలగొట్టినవాడే మనకు తాళం వేసి ఇస్తే ఆ ఇల్లు ఎంత భద్రమో ఆలోచించండి. లాప్‌టాప్ కొన్నప్పుడే వచ్చిన అసలు విండోస్ ఉంటే అది మన హక్కు, దాన్ని పోగొట్టుకోవద్దు.

(ఆ) పాత మిషన్: విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసరయితే కొద్ది మినహాయింపులు తప్ప 8వ తరం లేదా ఆ తర్వాతిదై ఉండాలి. లినక్స్ మింట్‌కు కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు చాలు; హాయిగా నడవాలంటే 4 జీబీ ఉండాలి. మ్యాక్‌లకూ గడువులు తప్పవు. 2025లో వచ్చిన టాహో వెర్షనే ఇంటెల్ ప్రాసెసరున్న మ్యాక్‌లకు ఆఖరిదని ఆపిల్ ప్రకటించింది. కాబట్టి సెకండ్ హ్యాండ్ మ్యాక్ చవగ్గా వస్తోందంటే లోపల ప్రాసెసర్ ఏదో అడగండి.

(ఇ) భద్రత: అప్‌డేట్లు ఆగిపోతే ఏమవుతుంది? 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా విండోస్ కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే అతుకు విడుదల చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, వేసుకోనివాళ్లు చిక్కుకున్నారు. సపోర్టు ముగిసిన సిస్టమ్‌కు ఆ అతుకే రాదు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, బ్యాంకు ఖాతా, ఆధార్ కాపీలు అన్నీ ఉంచుకునే మిషన్ విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

(ఈ) సాఫ్ట్‌వేర్: ఇక్కడ విండోస్‌ది పైచేయి. ట్యాలీ ప్రధానంగా విండోస్ కోసమే తయారైంది. మన ఊళ్లలోని డీటీపీ సెంటర్లలో వాడే పేజీమేకర్, అను ఫాంట్లు విండోస్ మీదే నడుస్తున్నాయి. ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఎక్స్‌కోడ్ మ్యాక్‌లోనే ఉంటుంది. సర్వర్లు, ప్రోగ్రామింగ్ నేర్చుకునేవారికి లినక్స్ సొంత ఇల్లు. లిబ్రే ఆఫీస్ మూడింటిలోనూ నడుస్తుంది. వర్డ్ ఫైళ్లను తెరుస్తుంది గాని, పట్టికలు, ఫాంట్లు కొన్నిసార్లు చెదురుతాయి.

(ఉ) తెలుగు: 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటుంది. నేడు మూడు సిస్టమ్‌లలోనూ తెలుగు కీబోర్డు వస్తుంది. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు ఆ ఫాంటు లేని మిషన్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. యూనికోడ్‌లో కొట్టినది ఎక్కడికి పంపినా తెలుగుగానే ఉంటుంది. కనుక నోట్సు యూనికోడ్‌లోనే టైపు చేసుకోవడం అలవాటు చేసుకోండి.

4. అదనపు పనిముట్లు – పనిమంతుల రహస్యం

ఒకే లాప్‌టాప్ మీద ఒకరు గంటలో చేసే పనిని మరొకరు పది నిమిషాల్లో చేస్తారు. తేడా మిషన్‌లో లేదు, పనిముట్టులో ఉంది. కొడవలికి కక్కు పెట్టుకున్నవాడికి, పెట్టుకోనివాడికి ఉన్న తేడా అది. మనకు రోజూ ఎదురయ్యే పనులు ఐదు తీసుకుందాం.

మొదటిది, ఫైలు వెతకడం. విండోస్‌లో ఎవ్రీథింగ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము ఉంది. పేరులో రెండు అక్షరాలు కొట్టేసరికి ఫైళ్లన్నీ వరసకట్టి చూపిస్తుంది. మ్యాక్‌లో కమాండ్, స్పేస్ కలిపి నొక్కితే స్పాట్‌లైట్ వస్తుంది. అది 2005 నుంచీ ఉంది. లినక్స్‌లో మెనూలోనూ వెతకవచ్చు, ఫైండ్ కమాండుతోనూ వెతకవచ్చు.

రెండవది, ఒకేసారి పేర్లు మార్చడం. వార్షికోత్సవం ఫోటోలు 200 ఉన్నాయి, అన్నింటికీ వరస నంబర్లు ఇవ్వాలి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ వారే ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో పవర్‌రీనేమ్ ఉంది. పవర్‌టాయ్స్ తొలుత విండోస్ 95 కాలంలో వచ్చి, 2019లో ఓపెన్ సోర్స్‌గా మళ్లీ మొదలైంది. మ్యాక్‌లో ఫైళ్లన్నీ ఎంచుకుని రీనేమ్ అంటే చాలు. లినక్స్ మింట్‌లో బల్కీ అనే ప్రోగ్రాము సిస్టమ్‌తోపాటే వస్తుంది.

మూడవది, పక్కపక్కన పెట్టి చదవడం. ఒకవైపు పాఠం పీడీఎఫ్, మరోవైపు మన నోట్సు. విండోస్‌లో విండోస్ కీతో ఎడమ, కుడి బాణాలు నొక్కితే కిటికీలు సగం సగం సర్దుకుంటాయి. లినక్స్ మింట్‌లోనూ అంతే. మ్యాక్‌లో ఈ సౌకర్యం 2024లో వచ్చింది. అంతకుముందు వెర్షన్లు వాడేవారికి రెక్టాంగిల్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది.

నాలుగవది, ఒకే మాటను పదేపదే టైపు చేయడం. ప్రతి దరఖాస్తులోనూ అదే చిరునామా, అదే కాలేజీ పేరు. ఎస్పాన్సో అనే ఉచిత ప్రోగ్రాములో రెండు మూడు అక్షరాల గుర్తు పెట్టుకుంటే, ఆ గుర్తు కొట్టగానే మొత్తం చిరునామా పడుతుంది. ఇది మూడు సిస్టమ్‌లలోనూ పనిచేస్తుంది. విండోస్‌లో ఇదే పనికి 2003 నుంచి ఆటోహాట్‌కీ ప్రసిద్ధి. టైపింగు పరీక్షకు సాధన చేసేటప్పుడు మాత్రం వీటిని ఆపేయండి, వేళ్లకు బద్ధకం అలవాటవుతుంది.

ఐదవది, నోట్సులో మాట వెతకడం. పాలిటీ నోట్సు మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా 40 ఉన్నాయనుకోండి. "32వ అధికరణ" ఎక్కడెక్కడ రాశామో కావాలి. లినక్స్, మ్యాక్ టెర్మినల్‌లో గ్రెప్ అనే ఒక్క కమాండు ఆ మాట ఉన్న ప్రతి పంక్తినీ, ఫైలు పేరుతో సహా చూపిస్తుంది. విండోస్‌లో ఫైండ్‌స్ట్రింగ్ కమాండు, పవర్‌షెల్ ఉన్నాయి. ఒక కమాండు ఇచ్చిన జవాబును పైపు గుర్తుతో మరో కమాండుకు అందించవచ్చు. ఒక మడి నిండాక గట్టు తెగ్గొట్టి పక్క మడికి నీళ్లు మళ్లించినట్లే. యునిక్స్‌లో 1973లో వచ్చిన ఈ పద్ధతి నేటికీ అలాగే ఉంది. విండోస్ వదలకుండానే లినక్స్ కమాండ్లు నేర్చుకోవాలంటే, 2016లో వచ్చిన డబ్ల్యూఎస్‌ఎల్ ద్వారా విండోస్ లోపలే లినక్స్ నడపవచ్చు.

జాగ్రత్తలు కూడా గుర్తుంచుకోవాలి. ఏ ప్రోగ్రామునైనా దాని అసలు సైటు నుంచే దించుకోండి. ఒకేసారి పది వేసుకోవద్దు. ఒకటి చేతికి అలవాటయ్యాకే రెండవది. కాపీ చేసినవన్నీ దాచిపెట్టే క్లిప్‌బోర్డ్ హిస్టరీని పదిమంది వాడే కంప్యూటర్‌లో ఆన్ చేయవద్దు. అందులో మన పాస్‌వర్డు మిగిలిపోవచ్చు.

5. ఎవరికి ఏది తగును?

బి.కాం. చదివి ట్యాలీ నేర్చుకునేవారికీ, డీటీపీ పనితో ఖర్చులు వెళ్లదీసుకునేవారికీ విండోస్ తప్పదు. గ్రూప్-2 వంటి ఉద్యోగాలకు జరిపే కంప్యూటర్ ప్రావీణ్య పరీక్షకు చదివేవారు కూడా వర్డ్, ఎక్సెల్ మీదే సాధన చేయడం మేలు. కంప్యూటర్ సైన్సు, ఎం.సి.ఏ. వాళ్లు ఇప్పటినుంచే లినక్స్‌తో చెలిమి చేయాలి. రేపు పనిచేసే సర్వర్లలో ఎక్కువగా కనిపించేది అదే. చదువుకోవడం, టైపు చేసుకోవడం, ఆన్‌లైన్ క్లాసులు వినడం మాత్రమే అవసరమైనవారి పాత లాప్‌టాప్‌కు లినక్స్ మింట్ బాగా సరిపోతుంది. మ్యాక్ మంచి మిషనే. ఐఫోన్ యాప్‌ల పనిలో చేరినప్పుడు కంపెనీవాళ్లే ఇస్తారు. దానికోసం అప్పు చేయవద్దు.

6. చెరిపేయకుండా పరీక్షించే పద్ధతి

లినక్స్ ఎలా ఉంటుందో చూడడానికి ఉన్నదాన్ని చెరపనక్కరలేదు.

• 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి. అందులోని ఫైళ్లన్నీ పోతాయి గనుక ముందే వేరేచోట దాచుకోండి.
• లినక్స్ మింట్ అసలు సైటు నుంచి ఐఎస్ఓ ఫైలు దించుకోండి. అది సుమారు 3 జీబీ ఉంటుంది.
• రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి.
• లాప్‌టాప్ ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ తెరిచి, పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. ఎక్కువ మిషన్లలో ఇది ఎఫ్12 లేదా ఎస్కేప్ కీతో వస్తుంది.
• లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. వైఫై, సౌండు, తెలుగు, ప్రింటరు అన్నీ పనిచేస్తున్నాయో చూసుకోండి. పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేస్తే మీ విండోస్ ఎప్పటిలాగే వస్తుంది.

నచ్చి, నిజంగా వేసుకోవాలనుకుంటే మొదట సర్టిఫికెట్లు, ఫోటోలు, ప్రాజెక్టు ఫైళ్లు రెండుచోట్ల కాపీ పెట్టుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "డిస్కు మొత్తం చెరుపు" అన్న మాట దగ్గర ఆగి, రెండుసార్లు చదవండి. పక్కపక్కనే రెండూ ఉంచుకునే దారి కూడా ఉంది. మిషన్ మరీ నెమ్మదిగా ఉంటే పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్‌ఎస్‌డి వేయించండి. ఏ సిస్టమ్ ఉన్నా వేగం కొట్టొచ్చినట్లు పెరుగుతుంది. హాస్టల్ కంప్యూటర్ మీద మాత్రం వార్డెన్ గారి అనుమతి లేకుండా ఏదీ మార్చవద్దు.

పై విషయాలన్నిటినీ బట్టి తేలేది ఇదే. మిషన్‌కు అప్‌డేట్లు వస్తున్నాయా, మన పనికి కావలసిన సాఫ్ట్‌వేర్ అందులో నడుస్తుందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు చూసుకుని ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎంచుకోవాలి. ఆ తరువాత నేర్చుకునే షార్ట్‌కట్లు, వెతికే నేర్పు, కమాండ్లు, యూనికోడ్ టైపింగు మనతోపాటే వస్తాయి. లాప్‌టాప్ పాడైనా, సిస్టమ్ మారినా అవి పోవు. వేసవి సెలవులకు ఊరెళ్లేలోపు పైన చెప్పిన ఐదు పనుల్లో ఒక్కటైనా చేసి చూడండి. వచ్చినవాళ్లు పక్క గదిలోని జూనియర్‌కు నేర్పండి.