షెడ్డుకొచ్చేసరికి ఆగిపోయే చప్పుడు

పదో తరగతి అయ్యాక కారు మెకానిక్ పనిలోకి వెళ్దామనుకునే కుర్రాళ్ల కళ్లకు ముందుగా ఆనేది ఇంజన్ విప్పి బిగించేవాడే. పనొచ్చినవాడంటే అతనే అనిపిస్తుంది. నిజానికి విప్పడం, బిగించడం రెండు మూడేళ్లు షెడ్డులో ఉంటే చాలామందికి పట్టుబడతాయి. అంత తేలిగ్గా పట్టుబడనిది వచ్చిపోయే చప్పుడు, వచ్చిపోయే వణుకు. 'పొద్దున మరిపెడ నుంచి వస్తుంటే గడగడలాడింది అన్నా' అంటాడు బండి ఓనరు. షెడ్డు ముందు నిలబెట్టి రేస్ చేస్తే ఏమీ ఉండదు. అప్పుడు తెలియనివాడు ముందు వీల్ బ్యాలెన్సింగ్ అంటాడు, తర్వాత షాకబ్జర్లు, ఆ తర్వాత బేరింగులు. మూడు బిల్లులు అయ్యాక కూడా చప్పుడు చప్పుడులాగే ఉంటుంది. తొర్రూరులో ఉండి ఈ రంగంలో నిలదొక్కుకోవాలనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు ఈ చప్పుళ్ల ఆచూకీ తీసే విద్య మీద కూర్చోవాలని నా వాదన.

ఈ విద్యకు మొదటి ప్రశ్న 'ఎక్కడ' కాదు, 'ఎప్పుడు'. 14 అంగుళాల రిమ్ము ఉన్న మామూలు కారు టైరు ఒక్క చుట్టు తిరిగితే బండి సుమారు 1.9 మీటర్లు కదులుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది కాబట్టి చక్రం సెకనుకు పదకొండున్నర చుట్లు తిరుగుతుంది. అదే సమయంలో ఇంజన్ 2,400 ఆర్‌పీఎం మీద ఉంటే అది తిరిగేది సెకనుకు 40 చుట్లు. ఒకటి మెల్లని కుదుపు, ఇంకొకటి సన్నని జలదరింపు. చెయ్యి అలవాటైతే తేడా తెలుస్తుంది. అదే వేగంలో గేరు మార్చి చూడాలి. వణుకు మారకపోతే అనుమానం చక్రాల వైపు, ఆర్‌పీఎంతో పాటు మారితే ఇంజన్, మౌంటింగుల వైపు. స్టీరింగ్ ఊగితే ముందు చక్రాలు, సీటు ఊగితే వెనకవి. ఇక చప్పుళ్ల సంగతికొస్తే, వాటికి మన భాషలో ఉన్నన్ని పేర్లు ఏ స్కానర్‌లోనూ లేవు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండి కదిలిస్తే టకటకమన్నది చాలాసార్లు యాక్సిల్ బయటి జాయింటు. గతుకుల్లో లొటలొటలాడితే లింక్ రాడ్డో బుష్షో. వేగంతో పెరిగే హోరు, బండిని కుడికి మళ్లించినప్పుడు ఇంకా ఎక్కువైతే, బరువు పడిన ఎడమ చక్రం బేరింగును అనుమానించాలి. ఓనరు నోట వచ్చిన ఆ మాటను 'సౌండ్ వస్తోంది' అని జాబ్ కార్డు మీద కుదించి రాస్తే సగం ఆధారం అక్కడే పోయినట్టు.

వరంగల్–ఖమ్మం రోడ్డు మీద ఉన్న తొర్రూరులో ఈ వణుకులకు, చప్పుళ్లకు ఊరికే సొంతమైన కారణాలు కూడా ఉంటాయి. నాట్ల కాలంలో పొలం బాట తొక్కిన కారు రిమ్ము లోపలి వైపు బురద పట్టి, ఎండి గట్టిపడుతుంది. దోసెడు మట్టి ఒక పక్కన చేరితే చాలు, 70–80 వేగంలో స్టీరింగ్ వణుకుతుంది. నాలుగు రోజులకు వానలో నాని పెళ్ల ఊడిపోతే వణుకూ పోతుంది. ఓనరు 'దానంతటదే బాగైంది' అనుకుంటాడు. బురద ఉండగానే బ్యాలెన్సింగ్ చేయించి సీసం బిళ్లలు వేయించుకున్నవాడికి మాత్రం ఆ బురద ఊడిన రోజు నుంచి కొత్త వణుకు మొదలవుతుంది. చక్రం ఊడదీసి లోపలి అంచు తుడిచి చూడటానికి కావలసింది మెషిన్ కాదు, ఓపిక. కంకర రోడ్డు మీద బ్రేక్ డిస్కుకూ దాని వెనక రేకుకూ మధ్య ఇరుక్కున్న చిన్న రాయి చేసే గర్రుమనే రాపిడీ ఈ కోవలోదే.

'ఇప్పుడు స్కానర్ పెడితే అన్నీ అదే చెబుతుంది కదా' అంటారు. ఇంజన్ మిస్ కొడుతుంటే చెబుతుంది, నిజమే. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బళ్లు వచ్చాక సెన్సర్లు పెరిగాయి, స్కానర్ రాకుండా ఈ పని లేదు కూడా. కానీ అరిగిన బుష్షుకు సెన్సర్ ఉండదు, రిమ్ములోని మట్టికి కోడ్ ఉండదు. కరెంటు కార్లు వస్తే ఈ పని పోతుందన్న భయానికి ఆధారం ఇంకా తక్కువ. ఇంజన్ మోత పోయాక టైరు, బేరింగు, సస్పెన్షన్ చప్పుళ్లే చెవిన పడతాయి. బ్యాటరీ బరువు కూడా ఆ భాగాల మీదే. హై వోల్టేజీ భద్రత మాత్రం విడిగా నేర్చుకోవాల్సిందే.

గట్టి అభ్యంతరం డబ్బు గురించి. పార్టు మారిస్తే మిగులుతుంది, అరగంట ట్రయల్ కొట్టి కారణం కనిపెడితే 'ఏం చేశావని ఇవ్వాలి' అంటారు. ఇది ఉన్న మాటే. చెకింగ్ ఛార్జీ ముందే చెప్పి తీసుకునే అలవాటు చిన్న ఊళ్లలో నెమ్మదిగానే వస్తుంది, హెల్పర్‌గా గడిపే తొలి ఏళ్లలో చేతికొచ్చేదీ తక్కువే. అయితే అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో అక్కర్లేని పార్టు మార్పించిన మాట కూడా త్వరగానే పాకుతుంది. దారి విషయానికొస్తే, పది పాసైనవాళ్లకు ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్లు, మెకానిక్ డీజిల్ ఒక ఏడాది. ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్. పాలిసెట్ రాసి మూడేళ్ల ఆటోమొబైల్ డిప్లొమాకూ వెళ్లవచ్చు. ఎక్కడ చేరినా ఒక నోట్‌బుక్ పెట్టి, వచ్చిన ప్రతి బండికీ వేగం, గేరు, ఇంజన్ చల్లగా ఉందా వేడెక్కిందా, ఎంతమంది ఎక్కారు, చివరికి తేలిన కారణం ఏమిటి అన్నవి రాసుకోవాలి. రేపు షోరూం ఇంటర్వ్యూలో 'బండి వణుకుతోంది, ఏం చేస్తావ్' అని అడిగితే, బ్యాలెన్సింగ్ అనకుండా 'ఎంత స్పీడులో సార్' అని ఎదురడగడం ఆ నోట్‌బుక్ నుంచే వస్తుంది.