అయిదో నెలలో అడిగిన మాటకు

రాజమండ్రి

చి. ల. సౌ. అమ్మడికి,

కొండాపూర్‌లో మీ ఇంటి పక్క వీధిలోనే పిలాటిస్ వ్యాయామాలు నేర్పుతున్నారట, చేరమంటావా వద్దంటావా అని అడిగావు. ఆ సాయంత్రమే మీ అమ్మ ఫోను: "అక్కా, దానికి నువ్వైనా చెప్పు, అయిదో నెలలో ఈ విన్యాసాలేమిటి!" ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. చదివి మీ అమ్మకూ వినిపించు.

చేరు. కాకపోతే మీ డాక్టరమ్మ సరేనన్నాకే. మాయ కిందికి ఉన్నా, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసినా, బీపీ పెరిగినా, నెలలు నిండకుండా నొప్పులొచ్చే సూచనలున్నా నా మాట చెల్లదు. హిమోగ్లోబిన్ రిపోర్టు కూడా ఓసారి తీసి చూసుకో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. ఉద్యోగం చేసుకుంటున్నాను, బాగానే తింటున్నాను అన్న ధీమా దీనికి పనికిరాదు.

మీ అమ్మ భయం నాకు తెలుసు. కడుపుతో ఉన్న పిల్ల కదిలితే ఏమవుతుందోనని. ఏ చిక్కూ లేని గర్భిణి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2020లో చెప్పింది. ఓ మోస్తరు అంటే చేస్తూ చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. నడకైనా, ఈతైనా, పిలాటిస్ అయినా ఆ లెక్కలోకే వస్తాయి. రోజంతా కుర్చీలో కూర్చునే నీలాంటి వాళ్లకు నడుం నొప్పి తగ్గడమే పెద్ద లాభం.

అయితే ఇది కడుపుతో ఉన్నవాళ్ల కోసం పుట్టిన విద్య కాదని గుర్తుంచుకో. జోసెఫ్ పిలాటిస్ జర్మనీ మనిషి, 1883లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లో నిర్బంధ శిబిరంలో ఉండగా తన వ్యాయామాలకు పదును పెట్టుకున్నాడు. 1926లో న్యూయార్క్ చేరి అక్కడ నేర్పాడు. డాన్సర్లు ఆయన దగ్గరకొచ్చేవారు. ఆ అసలు వరసలో చాలా భాగం నీకిప్పుడు కూడదు. 'హండ్రెడ్' అని ఒకటుంది. వెల్లకిలా పడుకుని తల ఎత్తి, చేతులు ఆడిస్తూ వంద లెక్కపెడతారు. అది చేయమంటే చాప చుట్టేసి వచ్చేయ్.

ఎందుకంటే నాలుగో నెల నిండాక ఎక్కువసేపు వెల్లకిలా పడుకోకూడదు. బరువెక్కిన గర్భసంచి కింది నుంచి గుండెకు రక్తం తీసుకుపోయే పెద్ద సిరను నొక్కేస్తుంది. నీకు కళ్లు తిరుగుతాయి, బిడ్డకు అందే రక్తమూ తగ్గుతుంది. పక్కకు తిరిగి పడుకునో, కూర్చునో, చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించో, గోడకు ఆనుకునో చేసేవే ఇప్పుడు నీవి. ఇంకో సంగతి. ఈ నెలల్లో ఒంట్లో ఊరే హార్మోన్ల వల్ల కీళ్లు వదులవుతాయి. ఒళ్లు తేలిగ్గా వంగుతోంది కదా అని ఇంకాస్త, ఇంకాస్త అని సాగదీయకు. స్ప్రింగుల మీద జారే రిఫార్మర్ బల్ల ఎక్కాలంటే పక్కన మనిషి ఉండాలి. మొదటి రోజు ఎన్నో నెల, ఎన్నో కాన్పు, డాక్టరు ఏమన్నారు అని అడగని చోట పైసా కట్టకు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది. పిలాటిస్‌లో నీకు అన్నిటికన్నా పనికొచ్చేది ఊపిరి. దానికి బల్లా అక్కర్లేదు, ఫీజూ అక్కర్లేదు. రెండు చేతులూ పక్కటెముకల మీద పెట్టుకుని కూర్చో. గాలి పీలుస్తుంటే పక్కటెముకలు అటూ ఇటూ విచ్చుకోవాలి, భుజాలు లేవకూడదు. వదులుతూ, మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను మెల్లగా లోపలికి, పైకి లాగు. మళ్లీ పీలుస్తూ పూర్తిగా వదిలేయ్. ఈ వదలడం చాలామంది నేర్పరు. కాన్పు వేళ కావలసింది ఆ వదలడమే. ఆ లాగడం నిజంగా మూత్రం పోసేటప్పుడు చేయకు, అలవాటు చెడుతుంది.

నేను పనిచేసిన ఫిజియోథెరపీ గదిలో నా దగ్గరికి ఎంతమంది వచ్చేవారో! మోకాళ్ల నొప్పి అని చూపించుకుని, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి, "దగ్గితే చీర తడుస్తోందమ్మా" అనేవారు. పిల్లల్ని కన్నాక మామూలేలే అని ఇంట్లో పెద్దవాళ్లు నోరు మూయించేవారట. మామూలు కాదు. ఆ కింది కండరాలకు ఇప్పటి నుంచే పని చెబితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. సిగ్గుపడితే కుదరదు.

పిలాటిస్ చేస్తే నార్మల్ డెలివరీ ఖాయమని ఎవరైనా అంటే మాత్రం నమ్మకు. ఇందాక చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ఆంధ్రాలో 42.4, దేశం మొత్తం మీద 21.5. మన ఆడవాళ్ల కండరాలకు బలం లేక ఆ అంకె అంత పెరగలేదు. రేపు నీకూ కోత పడితే, నేను సరిగ్గా చేయలేదని కుమిలిపోకు.

కాన్పయ్యాక కాకినాడలో మీ అమ్మ నడికట్టు బిగిస్తుంది, బాలింత కారం పెడుతుంది. కారం తిను. కట్టు హాయిగా ఉంటే కట్టుకో, కానీ ఊపిరాడనంత బిగించనివ్వకు. కట్టు పొట్టను పట్టి ఉంచుతుందే గానీ కండరాల పని చేసిపెట్టదు. మంచినీళ్లు తక్కువ తాగమంటే మాత్రం వినకు, పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ. కుదిరినప్పుడే నేను చెప్పిన ఊపిరీ, ఇంట్లో అటూ ఇటూ నడకా మొదలుపెట్టు. మంచం మీంచి లేచేటప్పుడు నిటారుగా లేవకు. పక్కకు తిరిగి, చెయ్యి ఆన్చి లే. కోత పడితే ఇది మరీ ముఖ్యం.

నెలలు నిండే వేళకు పొట్ట మధ్య కండరాలు దాదాపు అందరికీ ఎడమవుతాయి. తర్వాత చాలామందికి వాటంతటవే దగ్గరకొస్తాయి. తల ఎత్తినప్పుడు బొడ్డు మీదుగా పొలం గట్టులా ఉబ్బు లేస్తే, ఆ వ్యాయామం నీకింకా బరువని అర్థం. తేలికది చెయ్యి. ఆరు వారాలకు డాక్టరమ్మకు చూపించుకుని, అప్పుడు మెల్లగా పిలాటిస్‌కు వెళ్లు. పరుగులూ, గెంతులూ మూడు నెలల లోపు వద్దు. నెలకల్లా పొట్ట లోపలికి పోయిన సినిమావాళ్ల ఫొటోలు చూడకు, వాళ్ల ఇంట్లో ఎంతమంది పనివాళ్లుంటారో ఆ ఫొటోలో పడదు.

చేస్తుండగా రక్తం కనబడినా, ఉమ్మనీరు కారినా, ఆగాగి నొప్పులొచ్చినా, ఛాతీలో నొప్పి అనిపించినా, కళ్లు తిరిగినా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా అక్కడికక్కడే ఆపి ఆస్పత్రికి వెళ్లు. బిడ్డ కదలిక తగ్గిందనిపించినా అంతే. నాకు ఫోన్ చేస్తూ కూర్చోకు.

డాక్టరమ్మ ఏమందో రాయి. ఆర్నెల్ల ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు, ఒప్పుకోకు. ఏడో నెల రాగానే మీ అమ్మ కాకినాడ తీసుకుపోతానంటోంది, నెలనెలా కట్టుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ